కరీం బాషా జలుబు

మనిషికి జలుబు తగ్గించడం డాక్టర్ల వల్ల కాదని అందరికీ తెలుసు. తెప్పించడం ఇంజనీర్ల వల్ల కూడా కాదని నాకు ఆ ఏడాది మే నెలలో తెలిసింది.

ఎనభైల్లో సంగతి. నేనప్పుడు విశాఖపట్నంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. పేరు జాన్‌బాబు. వైర్లు అతికించడం నా పని, ఊరికే కోపం తెచ్చుకోవడం నా జబ్బు. మా పైన ప్రొఫెసర్ తాతబాబు గారు. అందరం ఆయన్ని మాస్టారు అనేవాళ్లం. మనిషి మాట్లాడితే యంత్రం విని చెప్పినట్టు చేయాలన్నది ఆయన పట్టుదల. ఇంట్లో ఆయన మాట ఎవరూ వినకపోవడం వల్లే ఈ పట్టుదల పుట్టిందని ఆయన వెనకాల చెప్పుకుని నవ్వుకునేవాళ్లం.

చాలా ఏళ్లు ఆయన 'అ' అంటే ఒక బల్బు, 'ఇ' అంటే ఇంకో బల్బు వెలిగే యంత్రాలు చేస్తూ కూర్చున్నారు. ఈ పరిశోధనకు డబ్బిచ్చే ఢిల్లీవాళ్లకు చివరికి విసుగొచ్చింది. "బల్బులు బాగానే వెలుగుతున్నాయి, దీనివల్ల ఎవరికి ఉపయోగం?" అని అడిగారు. మాస్టారు బాగా నొచ్చుకున్నారు. రెండు పూటలు భోజనం కూడా సరిగ్గా చేయలేదు. తర్వాత లేచి, ఉపయోగం వెతకడానికి ఊరి మీద పడ్డారు. వెంట నేను, నా భుజాన టూల్ సంచీ.

పోర్టులో మమ్మల్ని క్రేన్ల దరిదాపులకు రానివ్వలేదు. స్టీల్ ప్లాంట్ అప్పటికింకా కడుతున్నారు. అక్కడ మనిషి మాట పక్క మనిషికే వినపడదు, ఇంక యంత్రానికి ఏం వినపడుతుంది. ఆఖరికి ఫిషింగ్ హార్బర్‌లో ఐస్ ఫ్యాక్టరీ నడిపే కామరాజు గారి దగ్గర తేలాం. ఆయనా మాస్టారూ చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నారు.

"మా బాషాకి పనికొత్తాదేమో సూడు తాతబాబూ. ఆడికి సేతులు ఆడతం నేదు. నోరు మాత్రం బెమ్మాండంగా ఆడతాది," అన్నారాయన.

ఐస్ ఫ్యాక్టరీ చూడనివాళ్లకు ఒక ముక్క చెప్పాలి. పెద్ద ఉప్పునీటి తొట్టిలో రేకు డబ్బాలు వరసగా నిలబెట్టి, వాటిలో మంచినీళ్లు గడ్డకట్టిస్తారు. గడ్డకట్టాక ఆ డబ్బాల వరసను హాయిస్ట్ అనే గొలుసు యంత్రంతో పైకెత్తి, ముందుకు నడిపించి, పక్కనున్న మామూలు నీళ్ల తొట్టిలో ఒక్క ముంచు ముంచితే, ఐస్ దిమ్మలు డబ్బాల్లోంచి జారి బయటికొస్తాయి. తెల్లారకముందే బోట్లవాళ్లు ఆ దిమ్మల కోసం గోల చేస్తుంటారు. హాయిస్ట్ నడపడానికి పైనుంచి ఒక బటన్ల పెట్టె వేలాడుతుంటుంది. ఇరవై ఏళ్లుగా ఆ బటన్లు నొక్కే మనిషి కరీం బాషా.

ఇరవై ఏళ్ల మంచు ఊరికే పోదు. బాషా వేళ్లు కొంకర్లు పోయాయి. 'ఆపు' బటన్ నొక్కాలని అనుకున్నాక వేలు వంగడానికి కాస్త ఆలస్యమయ్యేది. ఒక రోజు ఆ కాస్త ఆలస్యంలో డబ్బాల వరస వెళ్లి గోడను గుద్దుకుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ మర్నాడే గేటు దగ్గర ఒక కొత్త స్టూలు వెలిసింది.

"ఇంక గేటు కాడ కూకో బాషా. నీడగా ఉంటాది. జీతం అదే," అన్నారు కామరాజు గారు. మంచి మనసుతోనే అన్నారు. అందుకే బాషాకు ఆయనతో పోట్లాడటానికి కూడా వీల్లేకపోయింది.

మొదటి రోజే నాకు బాషా నచ్చాడు. పొట్టి మనిషి, తెల్ల గడ్డం, తల చుట్టూ ఎర్ర తువ్వాలు. మేమిద్దరం వన్ టౌన్‌లోనే పుట్టాం, రెండు సందుల తేడాలో. పది నిమిషాల్లో ఒకరినొకరు బావా అని పిలుచుకోవడం మొదలైంది. మా ఊళ్లో మతం అడగకుండా కలిసే చుట్టరికం అదొక్కటే.

"గేటు కాడ కూకున్నోడి పేరు ఎవులికైనా తెలుత్తాదేటి బావా?" అన్నాడు, స్టూలుకు వీపు పెట్టి నిలబడి. "ఐస్ ఎత్తినోడి పేరు తెలుత్తాది. తెల్లారగట్ల ఎన్ని బోట్లోల్లు బాషా, బాషా అని అరుత్తారో తెలుసా? ఆ స్టూలెక్కిన కాణ్ణుంచి నాను సచ్చినోడితో సమానం."

కామరాజు గారు, మాస్టారు ఒక ఒప్పందానికి వచ్చారు. బటన్ల బదులు బాషా నోటితో చెబితే హాయిస్ట్ వినాలి. ఎత్తు, దించు, ముందుకు, వెనక్కి, ఆపు. అయిదే మాటలు. ఢిల్లీవాళ్లు వచ్చి చూసే రోజున, మాట వినే మా పెట్టె పని చేస్తే హాయిస్ట్ బాషాదే, చేయకపోతే స్టూలు బాషాది. అప్పటిదాకా బటన్లు వేరే కుర్రవాడెవరో నొక్కుతాడు, బాషా పక్కన నిలబడి వాణ్ని తిట్టవచ్చు. ఆ తిట్టే హక్కు మాత్రం బాషా పట్టుబట్టి సంపాదించుకున్నాడు.

పెట్టె బాషా మాటను గుర్తుపట్టాలంటే ముందు బాషా గొంతును దానికి పరిచయం చేయాలి. అందుకని జనవరిలో అతన్ని కాలేజీకి తీసుకొచ్చి, కంప్యూటర్ గదిలో కూర్చోబెట్టి, ఒక్కో మాట మళ్లీ మళ్లీ చెప్పించి టేపు మీద పట్టాం.

మా కాలేజీ మొత్తానికి ఏసీ ఉన్నది ఆ గదిలోనే. అది మా కోసం కాదు, కంప్యూటర్ కోసం. దానికి ఉక్కపోయకూడదని, మమ్మల్ని గడ్డకట్టించేవారు. ఆ గదిలో పనిచేసే వాళ్లందరం ఏడాది పొడుగునా ముక్కుతోనే మాట్లాడేవాళ్లం. మాస్టారు పాఠం చెబుతుంటే బయటివాళ్లకు ఎవరో డబ్బాలో తల పెట్టి మాట్లాడుతున్నట్టు ఉండేదట. మాకు మాత్రం ఏ తేడా తెలిసేది కాదు. బాషా మొదటి రోజు ఎలా మాట్లాడాడో నాకు గుర్తులేదు. మర్నాటికి మాలాగే మాట్లాడాడు. మాలాగే మాట్లాడుతున్నాడు గనుక బాగానే మాట్లాడుతున్నాడని అనుకున్నాం. టేపు పట్టిందంతా ఆ మర్నాటి నుంచే.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం బాషా భార్య మెహబూబ్ బీ క్యారేజీ పట్టుకుని ల్యాబ్‌కు వచ్చింది. ఆవిడకు మొగుణ్ని తిట్టడంలో అలుపు లేదు. మఫ్లరు ఎందుకు కట్టుకోలేదని ఉర్దూలో ఒక విడత తిట్టి, మా పెట్టె వైపు అనుమానంగా చూసి, మాస్టారుని అడిగింది.

"దీనికి ఉర్దూ వొచ్చా సార్?"

"రాదమ్మా. తెలుగే. అది కూడా అయిదు మాటలే."

"పోన్లెండి, దాని అదురుష్టం," అంది ఆవిడ. "నాను ఉర్దూలో ఈయన్ని అనీవన్నీ అది ఇనక్కర్నేదు."

నేను వాళ్లింటికి కూడా వెళ్లేవాణ్ని, పెట్టె గురించి బాషాతో మాట్లాడాలని పేరు పెట్టుకుని, నిజానికి ఆవిడ చేసే చేపల పులుసు కోసం. హార్బర్ నుంచి బాషా ఇంటికి రాగానే ప్రతిరోజూ జరిగేది ఒకటే. గడప లోపలికి వచ్చి, ఏం మాట్లాడకుండా రెండు చేతులూ చాపేవాడు. ఆవిడ పొయ్యి ముందు తన అరచేతులు కాచుకుని, ఆ మంచు చేతుల్ని పట్టుకుని రుద్దేది. రుద్దినంతసేపూ తిట్టేది. ఆ ఫ్యాక్టరీని, కామరాజు గారిని, సముద్రాన్ని, బోట్లను, ఒక్కొక్కరినీ. బాషా కళ్లు మూసుకుని వినేవాడు. పెళ్లయిన దగ్గర్నుంచి ఒక్క మంచి మాట అన్నది లేదని ఆవిడ ముందే నాతో అనేవాడు. చేతులు మాత్రం లాక్కునేవాడు కాదు.

టేపును హైదరాబాద్ పంపించాం. అక్కడ బాషా గొంతు ఆనవాళ్లను ఒక చిప్‌లోకి ఎక్కించి పంపుతారు. ఒకసారి ఎక్కించాక మార్చడం మా చేతుల్లో లేదు, మళ్లీ హైదరాబాదే పంపాలి. ఆ చిప్ రావలసినప్పుడు రాకుండా, మే నెలలో, ఢిల్లీవాళ్లు వచ్చే వారంలో వచ్చింది. నేను దాన్ని పెట్టెలో బిగించాను. సైకిల్ పుల్లలు వంచి, మైకు నోటి ముందు నిలబడేటట్టు మెడకు తగిలించుకునే తీగ చేశాను. పెట్టెను హాయిస్ట్‌కు కలిపాం.

బాషా తువ్వాలు సర్దుకుని, గొంతు సవరించుకుని, పెళ్లికొడుకులా నిలబడి అన్నాడు. "ఎత్తు."

హాయిస్ట్ కదల్లేదు.

"ఎత్తు!"

కంప్రెసర్ మోత తప్ప ఏమీ వినపడలేదు. బటన్లు నొక్కే కుర్రవాడు నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. మాస్టారు నా వైర్లను అనుమానించారు. నా వైర్లను అనుమానిస్తే నాకు ఒళ్లు మండుతుంది. అన్నీ విప్పి, అన్నీ మళ్లీ కట్టి చూపించాను. ఎత్తు అంటే కదల్లేదు. దించు అన్నా కదల్లేదు. బాషా ఒకసారి తిట్టి కూడా చూశాడు, దానికీ కదల్లేదు.

పెట్టెను ల్యాబ్‌కు మోసుకుపోయాం, బాషాను కూడా వెంటబెట్టుకుని. జనవరి టేపు తీసి వినిపించాం. టేపులోంచి 'ఎత్తు' అనగానే పెట్టె మీది బల్బు ఠక్కున వెలిగింది. 'దించు' అంటే ఇంకో బల్బు. అయిదుకు అయిదూ. మాస్టారు అయోమయంగా కళ్లజోడు తుడుచుకున్నారు.

"ఎవుడీడు?" అన్నాడు బాషా. "ముక్కు మూసుకుని మాటాడతన్నాడు?"

"నువ్వేనయ్యా. ఎవరి గొంతు వాళ్లకు టేపులో కొత్తగానే ఉంటుంది," అన్నారు మాస్టారు.

నేను మాత్రం ఆ టేపు మళ్లీ వేశాను. వోల్టేజీ చాలక మా ఏసీ వారం నుంచి పనిచేయడం లేదు. చాలా కాలానికి మా అందరి ముక్కులూ తెరుచుకున్నాయి. తెరుచుకున్న ముక్కుతో, మామూలు చెవితో వింటే అప్పుడు తెలిసింది. టేపులో ఉన్నది బాషా గొంతు కాదు. బాషా జలుబు.

 హైదరాబాద్ పంపి చిప్ మార్పించే వ్యవధి లేదు. ఢిల్లీవాళ్లు ఇప్పుడు చూడకుండా వెళ్లిపోతే మళ్లీ రారు. టేప్ రికార్డర్‌ను తువ్వాలు కింద దాచి వినిపిద్దామా అని అడిగాను. మాస్టారు నన్ను చూసిన చూపుకు నేను ఇప్పటికీ ఒక అడుగు వెనక్కి వేస్తాను.

"జాన్‌బాబూ, మనది సర్కస్ కంపెనీ కాదు. మోసం చేయడానికి వీల్లేదు," అన్నారు. తర్వాత పెట్టె వైపు తిరిగి, మెల్లిగా అన్నారు. "కానీ బాషాకు నిజంగానే జలుబు చేసిందనుకో, అది మోసం ఎలా అవుతుంది?"

అలా మొదలైంది. ఏళ్ల తరబడి శబ్దశాస్త్రం చదివిన మనిషి, మండుటెండల్లో, ఒక మనిషికి జలుబు చేయించడానికి నడుం కట్టారు.

ముందు ఐస్ నీళ్లతో తలంటి పోయించాం. బాషా హాయిగా ఉందని ఇంకో బిందె అడిగాడు. పూర్ణా మార్కెట్ నుంచి తెప్పించిన గట్టి పెరుగు, చల్ల మజ్జిగ, ఐస్ గోలాలు, చెరుకు రసం, అన్నీ పెట్టాం. అన్నీ తిన్నాడు, అన్నీ అరిగించుకున్నాడు, కాస్త ఒళ్లు చేశాడు కూడా. తడి తలతో ఫ్యాన్ కింద పడుకోబెడితే గురక పెట్టి నిద్రపోయి, లేచి అత్తరు రాసుకుని తాజాగా వచ్చాడు.

"జలుబంటే ఏటో మరిసిపోనాను బావా," అన్నాడు దిగులుగా. "ఇరవై ఏళ్లు ఐసులో బతికినోణ్ని ఐసు ఏం సేత్తాది? మీ ఏసీ ఒక్కటే నన్ను పడగొట్టింది."

అది నిజమే, కానీ ఏసీ పనిచేయడం లేదు. చివరికి మాస్టారు ఐస్ దిమ్మలు దాచే గదిలోనే బాషాను కూర్చోబెడదామన్నారు. ఒక్కణ్నే కూర్చోబెడితే అన్యాయమని, తోడుగా ఆయన కూడా కూర్చున్నారు. మాస్టారు కూర్చుంటే నేను నిలబడి చూస్తే బాగుండదని నేనూ కూర్చున్నాను. చుట్టూ దిమ్మలు, మధ్యలో మేము ముగ్గురం గోనెపట్టాల మీద. బాషా మాకు కబుర్లు చెబుతూ, పాటలు పాడుతూ, మధ్యమధ్య మా ముక్కుల వైపు జాలిగా చూస్తూ గడిపాడు.

మర్నాడు మాస్టారుకు జలుబు చేసింది. నాకు చేసింది. గది తలుపు తీసి మూసిన కామరాజు గారికి కూడా చేసింది. బాషా గొంతు మాత్రం గుడి గంటలా మోగుతోంది. మాస్టారు ఎవరూ చూడకుండా పెట్టె ముందు నిలబడి తన కొత్త ముక్కుతో "ఎత్తు" అన్నారు. అది లెక్కచేయలేదు. దానికి కావలసింది జలుబు కాదు, బాషా జలుబు.

ఢిల్లీవాళ్లు వచ్చే రోజు రానే వచ్చింది. ఇద్దరు వచ్చారు. ఒకాయన సఫారీ సూటు వేసుకున్న పెద్దాయన, రెండోవాడు ఆయన బ్యాగు పట్టుకునే మనిషి. బోట్లవాళ్లు, వలలు అల్లేవాళ్లు, చేపలు వేలం వేసే ఆడవాళ్లు, పని మానుకుని ఫ్యాక్టరీలోకి జొరబడ్డారు. బాషా ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గడ్డానికి నూనె రాశాడు. మెహబూబ్ బీ తలుపు దగ్గర క్యారేజీ పట్టుకుని నిలబడింది. గేటు దగ్గర స్టూలు కూడా ఆ రోజు ఎందుకో బాగా కనపడింది. దాని మీద కొత్త ఖాకీ చొక్కా ఒకటి మడతపెట్టి ఉంది.

"డబస్కారబ్," అని మొదలుపెట్టారు మాస్టారు. ముక్కు పూర్తిగా బిగుసుకుపోయింది. ఢిల్లీ పెద్దాయన ఇది కూడా పరిశోధనలో భాగమేమో అన్నట్టు చూశారు. ఆయన చెప్పిన షరతు ఒకటే. పని మొదలుపెట్టి ముగించేవరకు ఎవరి చెయ్యీ బటన్లకు తగలకూడదు. తగిలితే ప్రయోగం తప్పినట్టే. నన్ను ఎర్ర స్విచ్ పక్కన నిలబెట్టారు, ప్రమాదం వస్తే ఆపడానికి మాత్రమే.

"ఎత్తు," అన్నాడు బాషా.

కదలిక లేదు.

"ఎత్తు." ఇంకా స్పష్టంగా. "ఎత్తు!" ఇంకా ముద్దుగా, ఇంకా గట్టిగా. పాపం, ఎంత బాగా చెబితే పెట్టె అంత దూరం జరుగుతోందని అతనికి తెలుసు. తెలిసినా, అంతమంది ముందు బాషా గొంతు బాగుండకుండా ఎలా ఉంటుంది? అది అతనికి చేతకాదు.

బోట్లవాళ్లు నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఢిల్లీ పెద్దాయన పెన్ను మూత పెట్టి, మాస్టారు భుజం తట్టారు. ఆ తట్టడం చూస్తే మాకు అర్థమైపోయింది. కామరాజు గారు ముక్కు చీదుకుంటూ బాషా దగ్గరికి వచ్చి, అతని చేతి మీద చెయ్యి వేశారు.

"పోన్లే బాషా. దిగులెట్టుకోకు. గేటు కాడ నీడగా ఉంటాది," అన్నారు.

ఆయన తిట్టి ఉంటే బాషా తట్టుకునేవాడు. ఆ మంచి మాటకు తట్టుకోలేకపోయాడు. తల వంచుకున్నాడు. మైకు ఇంకా మెడలోనే ఉంది. కన్నీళ్లు గడ్డంలోకి జారాయి, ముక్కు కారింది, దాన్ని తుడుచుకోవడానికి కొంకర్లు పోయిన వేళ్లు తువ్వాలును పట్టుకోలేకపోయాయి. అది చూసి నాకు కూడా ఏడుపొచ్చింది. దాచుకోవడం ఎందుకు, నేనూ ఏడ్చాను.

బాషా తలెత్తి హాయిస్ట్ వైపు చూశాడు. ఇరవై ఏళ్ల స్నేహితుడికి సెలవు చెబుతున్నట్టు, ఎవరికోసమూ కాకుండా, పూడుకుపోయిన గొంతుతో అన్నాడు.

"ఎత్తు."

హాయిస్ట్ గుర్రుమంది. గొలుసు బిగిసింది. ఉప్పునీళ్లు కారుస్తూ డబ్బాల వరస మొత్తం తొట్టిలోంచి పైకి లేచింది.

 వేలం వేసే ఒకావిడ "ఓలమ్మో!" అని అరిచింది. ఢిల్లీ పెద్దాయన పెన్ను మూత తీశారు. నేను బాషా వైపు పిచ్చివాడిలా చేతులు ఊపాను, ఆపకు, ఆపకు అని. అతను అదే గొంతుతో "ముందుకు" అన్నాడు. డబ్బాలు ముందుకు నడిచాయి. సరిగ్గా నీళ్ల తొట్టి మీదికి రాగానే "ఆపు" అన్నాడు. ఆగాయి. ఇంక ఒక్క మాట మిగిలింది. దించు అంటే చాలు, పని ముగిసినట్టే.

జనం ఈలలు వేశారు. "బాషా! బాషా!" అని బోట్లవాళ్లు తెల్లవారుజామున అరిచినట్టు అరిచారు. బాషా ముఖం విప్పారింది. మాస్టారు సంతోషంతో తన చేతిరుమాలు తీసి అతని ముక్కుకు అడ్డం పెట్టారు. బాషా దానిలోకి హార్బరంతా అదిరేలా చీది, ఊపిరి పీల్చుకుని, నవ్వుతూ, గంట కొట్టినట్టు అన్నాడు.

"దించు!"

డబ్బాలు గాల్లోనే వేలాడాయి.

చేతిరుమాలు పట్టుకుని మాస్టారు రాయిలా నిలబడిపోయారు. ఆ మహానుభావుడి ముఖం చూస్తే కోపం తెచ్చుకోవడానికి కూడా నాకు మనసొప్పలేదు. బాషా మళ్లీ అన్నాడు. మళ్లీ. ఏడవబోయాడు, రాలేదు. మనిషి లోపల అంత ఆనందం పెట్టుకుని ఎలా ఏడుస్తాడు? నేను దగ్గరికి వెళ్లి చెవిలో, "స్టూలు, బావా! ఖాకీ చొక్కా! గుర్తుకు తెచ్చుకో!" అన్నాను. అతనికి నవ్వొచ్చింది. నా ముక్కు మాట విని ఇంకా నవ్వొచ్చింది. ఢిల్లీ పెద్దాయన చేతి గడియారం చూసుకున్నారు. బటన్ల పెట్టె మాకు జానెడు దూరంలోనే ఊగుతోంది. నొక్కితే పని అయిపోతుంది, బాషా పని కూడా అయిపోతుంది.

అప్పుడు మెహబూబ్ బీ క్యారేజీ కింద పెట్టి, జనాన్ని తోసుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"ఏటయింది జాన్‌బాబూ?"

"ఆయన ఏడవాలి అక్కా. ఏడిత్తేనే అది ఇంటాది."

 ఆవిడ వెళ్లి మొగుడి ముందు నిలబడింది. తిడుతుందనుకున్నాను. బాషా కూడా అదే అనుకుని భుజాలు ముడుచుకున్నాడు. ఆవిడ అతని రెండు చేతులూ పట్టుకుని, కంప్రెసర్ మోతలో వాళ్లిద్దరికే వినపడేంత మెల్లగా, ఉర్దూలో మాట్లాడింది. నేను పక్కనే ఉన్నాను, వన్ టౌన్‌లో పుట్టినవాణ్ని, నాకూ అర్థమైంది.

"రోజూ ఈ చేతులు మంచుగడ్డలై ఇంటికొస్తాయి," అంది. "నేను నా చేతుల్లో పెట్టుకుని వెచ్చ చేస్తాను. నాకు రోజంతటికీ అదొక్కటే ఇష్టమైన పని. మీరు గేటు దగ్గర కూర్చుంటే ఇవి వెచ్చగానే ఉంటాయి. అప్పుడు మీరు నా ముందు చేతులెందుకు చాపుతారు?"

బాషా ఆవిడ వైపు చూశాడు.   అంత వయసు మనిషి, అంత మంది మధ్య, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. నేను మైకును అతని నోటి ముందుకు సర్దాను.

"దించు," అన్నాడు, ఆవిడ ముఖం మీంచి చూపు తిప్పకుండా.

డబ్బాల వరస మెల్లగా దిగి నీళ్లలో మునిగింది. దిమ్మలు జారి, తళతళలాడుతూ బయటికొచ్చాయి.

ఢిల్లీ పెద్దాయన ఏం రాసుకున్నారో నాకు తెలియదు. మాకు ఇంకో ఏడాది పొడిగించారు. వానాకాలంలో మళ్లీ టేపు పట్టాం, ఈసారి ఐస్ ఫ్యాక్టరీలోనే, బాషా మామూలు గొంతుతో. కొత్త చిప్ వచ్చాక బాషా హాయిస్ట్ బాషాకు దక్కింది. పాత చిప్‌ను కూడా పారేయకుండా, రెండిటికీ మధ్య ఒక మీట పెట్టాను, మనిషన్నాక ఎప్పుడేముంటుందో తెలియదు గనుక. స్టూలు మీద కామరాజు గారే కూర్చుని బోట్లవాళ్లతో బేరాలాడేవారు.

ఒక్క సంగతి మాత్రం బాషాను చాలా కాలం తొలిచింది. అంతమంది ముందు ఆవిడ ఆ మాట అన్నది, నిజంగానే అన్నదా, పెట్టె కోసం అన్నదా? తనే అడగడానికి సిగ్గు. ఇంటికి వస్తే ఆవిడ మళ్లీ మామూలుగానే చేతులు రుద్దుతూ తిడుతోంది, ఆ రోజు సంగతి ఎత్తడం లేదు. "నువ్వడుగు బావా, నాను అడగమన్నానని సెప్పకు," అని నన్ను పీక్కుతిన్నాడు.

ఒక రోజు పులుసు తినడానికి వెళ్లినప్పుడు అడిగాను. బాషా పక్క గదిలో ఉన్నాడు, ఊపిరి కూడా పీల్చకుండా.

మెహబూబ్ బీ పొయ్యి ముందు అరచేతులు కాచుకుంటూ, నా వైపు తిరగకుండానే చెప్పింది.

"పెట్టెకి ఉర్దూ రాదని మీ మాస్టారే అన్నారు గదా జాన్‌బాబూ. దాని కోసమైతే తెలుగులో అనీదాన్ని."